మారెక్క తొక్కని చేను

పొద్దున్నే వార్డు ఊడ్చే ఆమె చీపురు పట్టుకొని వచ్చేలోపు బయమ్మకు ఒక పని ఉండేది. కొంగు నడుముకు దోపుకొని, మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, మొగుడి మంచం పక్కన వేలాడే ఉచ్చసంచి చూసేది. తర్వాత ఏదో కింద పడితే వెతుకుతున్నట్టు నటిస్తూ పక్క మంచం సంచి చూసేది. మొగుడి సంచి అడుగున నాలుగు చుక్కలు, అవీ టీ డికాషన్ రంగులో. పక్క మంచాయన సంచి మాత్రం ఉబ్బి, పచ్చగా, తేటగా, కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండేది. అది చూడగానే బయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అనంతపురం జిల్లాలో పుట్టిన మనిషిని దీనికి తప్పు పట్టకూడదు. అక్కడ ఇద్దరు రైతులు ఎదురుపడితే పెళ్లాం పిల్లల సంగతి తర్వాత, ముందు నీ బోరులో నీళ్లెన్ని ఇంచులు పడినాయని అడుగుతారు. పక్కవాడికి రెండించులు పడ్డాయని వింటే సంగటి సగంలో వదిలి చెయ్యి కడుక్కునే మనుషులున్నారు. బయమ్మ ఆ గాలిలోనే బతికింది. ఆసుపత్రికి వచ్చినా ఆమె కళ్లు నీళ్లున్న చోటికే పోయేవి.

ఆమె మొగుడు తిప్పయ్యకు, పక్క మంచం విజయభాస్కర్‌కు ఒకే వారంలో గుండెకు బైపాస్ చేశారు. విజయభాస్కర్ గార్లదిన్నెలో బడిపంతులు. ఆయన భార్య ఎలిజబెత్ మంచి మనిషి. అదే బయమ్మకు మరీ మంటగా ఉండేది. చెడ్డదైతే హాయిగా తిట్టుకోవచ్చు. మంచిదైతే ఆమె పెట్టిన ఇడ్లీ తింటూ కుళ్లుకోవాలి.

"ఈ పొద్దు ఎట్లుండాది బయమ్మక్కా అన్నకు?" అని అడిగింది ఎలిజబెత్.

"ఏముండాది. మీకు చెరువు నిండి మరవ పారతాండాది. మాకు గుంత గూడా తడవలే."

"నేను ప్రార్థన చేస్తానే ఉండాను అక్కా."

నీ ప్రార్థన నీ మొగుడి సంచి దాటి ఈ పక్కకు రావడం లేదే అనుకుంది బయమ్మ. పైకి మాత్రం చట్నీ ఇంకొంచెం వెయ్యమన్నది.

కిడ్నీలు చూసే డాక్టరమ్మ చిన్న వయసుది. తొందరపడకుండా చెప్పేది. "గుండె బాగుందమ్మా. రక్తానికి కొత్త దారులు వేశారు. ఆపరేషన్ జరిగేటప్పుడు గుండెను ఆపి, రక్తాన్ని మిషను తిప్పుతుంది. ఆ కాసేపట్లో ఆయన కిడ్నీలకు రక్తం చాలినంత అందలేదు. అవి ముందే కొంచెం దెబ్బతిని ఉన్నాయి. షుగరు ఉంది, నడుం నొప్పికని ఏళ్ల తరబడి మింగిన మాత్రలున్నాయి. ఇప్పుడు పూర్తిగా మొద్దుబారాయి."

"మళ్లా పనిచేస్తాయా తల్లీ?"

"చాలామందికి కొన్నాళ్లకు తేరుకుంటాయి. కొందరికి తేరుకోవు. అప్పుడిక బతికినంత కాలం వారానికి రెండు మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. అంతవరకు నీళ్లు మేం చెప్పినంతే ఇవ్వాలి. దాహమంటే పెదాలు తడపండి, అంతే."

తిప్పయ్య కాళ్లు అరటి బోదెల్లా వాచాయి. బయమ్మ బొటనవేలితో నొక్కితే పిక్క మీద గుంట పడి, చాలాసేపు అట్లాగే ఉండేది. బతికినంత కాలం మిషను అన్న మాట ఆమె చెవిలో పడి అక్కడే కూర్చుంది. నాగలి పట్టిన మనిషి, చేను తప్ప ఇంకో లోకం తెలియని మనిషి, వారానికి మూడుసార్లు బస్సెక్కి వచ్చి ఈ మంచం మీద పడుకోవాలి. అట్లా ఎన్నాళ్లు ఉంటాడు? ఆ సంచి నిండాలి. బయమ్మకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆమెకు నీళ్ల మీద ఇంత కుళ్లు ఎందుకో చెప్పాలంటే మారెక్క గురించి చెప్పాలి.

వాళ్ల ఊళ్లో మారెక్క నడిస్తే అడుగులో నీళ్లు ఊరేవి. ఆమె వట్టి కాళ్లతో మట్టి మీద నడిచి పాదం ఎత్తితే, ఆ ముద్ర చెమ్మగిల్లి దోసెడు నీళ్లు నిలిచేవి. బండ మీద, సిమెంటు మీద రావు, మట్టిలోనే. అందుకే ఆమె వీధిలో పోతుంటే వెనకే కోళ్లు, కోళ్ల వెనక మేకపిల్లలు పోయేవి. ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఒకరికి తేలు మంత్రం వచ్చు, ఒకరికి బెణికిన కాలు సరిచేయడం వచ్చు, మారెక్కకు అడుగులో నీళ్లు వస్తాయి, అంతే.

ఏరువాక రోజుల్లో చెనక్కాయ విత్తనం వేసే ముందు ఆమె ప్రతి చేనూ తొక్కాలి. దానికొక పద్ధతి ఉంది. ఆ ఇంటి ఆడమనిషి గట్టు మీద నిలబడి, "రా అక్కా, మా చేను తొక్కిపో" అని పిలవాలి. పిలిస్తేనే ఆమె దిగుతుంది. ఇప్పుడు గొర్రు పోయి ట్రాక్టర్లు వచ్చినా, ఆమె ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాకా డ్రైవరు బీడీ ముట్టించుకొని ఆగుతాడు. ఆమె తొక్కితే పంట విరగపండుతుందని కాదు. వాన పది రోజులు ఆలస్యమైనా మొలక మాడిపోకుండా తట్టుకుంటుంది. ఆ నేలలో అంతకంటే ఎవరూ అడగరు.

ఈ మారెక్క తిప్పయ్యకు మేనమామ కూతురు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే వీళ్లిద్దరికీ పెళ్లి అనుకున్నారు. తీరా ముహూర్తం వరకు వచ్చాక తిప్పయ్య తల్లికి ఒక అనుమానం వచ్చింది. వాళ్లది మట్టి మిద్దె, కింద పేడతో అలికిన మట్టి నేల. ఈ పిల్ల రోజంతా ఇంట్లో తిరిగితే ఏడాది తిరిగేలోగా గోడలు నాని మీద పడవా? ఇంట్లో చెప్పులేసుకొని తిరుగుతానంటే చేసుకుంటామన్నది. ఇంట్లో చెప్పులేసుకొని తిరగడానికి నేనేమైనా పోలీసునా అని మారెక్క అన్నది. సంబంధం అక్కడితో తెగింది. మారెక్క బండలు పరిచిన ఇల్లున్న గొర్రెల అంజినప్పను చేసుకుంది. తిప్పయ్యకు చిలమత్తూరు దిక్కు నుంచి బయమ్మను తెచ్చారు.

కొత్త కోడలికి ఇదంతా చెప్పడానికి ఊళ్లో మేలుకోరేవాళ్లకు కొదవా? వారంలో నలుగురు చెప్పారు. అది కూడా ఆమె దిగమింగుకునేదే. కానీ ఆ ఏడు ఏరువాకకు మారెక్క గట్టు దగ్గరికి వచ్చింది. పిలవడానికి బయమ్మ కొంగు సర్దుకుంటోంది. ఇంతలో తిప్పయ్య, చేను మధ్య నుంచి, "రా మారెక్కా, ఈ మూలకాడ గూడా తొక్కు" అని కేకేశాడు. పిలవాల్సింది పెళ్లాం. ముందుగా పిలిచింది మొగుడు. అంతటితో ఊరుకున్నాడా, ఆమె నడిచి పోయాక గొంతు కూర్చొని, చిన్నప్పుడు గొర్రెలు కాసేటప్పటి అలవాటు కాబోలు, ఆ అడుగులో నీళ్లు దోసిలితో తీసుకొని తాగాడు. బయమ్మ అది చూసింది. ఆమె కళ్లల్లో ఎవరో కారం చల్లినట్టయింది.

మర్నాడే జాలిముళ్ల కంప నరికించి చేను చుట్టూ వేసింది. అప్పటి నుంచి ఏటేటా ఏరువాకకు ముందు పాత కంప మీద కొత్త కంప వేసేది. ఎనుములు పడకుండా కంప వేసేవాళ్లున్నారు, పందులు రాకుండా వేసేవాళ్లున్నారు. ఒక ఆడమనిషి రాకుండా కంప వేసింది ఆ జిల్లాలో బయమ్మ ఒక్కతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తిప్పయ్య ఏమీ అనలేదు. అనకపోవడం కూడా బయమ్మకు నచ్చలేదు. లోపల ఏదో ఉంటేనే కదా నోరు మూసుకుంటాడు?

అందరి చేలు ఎట్లోగట్ల గట్టెక్కేవి, వీళ్లది ముందుగా మాడేది. తిప్పయ్య బోరు మీద బోరు వేయించాడు. కడసారి బోరు యంత్రం చుక్క నీళ్లు లేకుండా తెల్లటి దుమ్ము లేపుతుంటే, ఆ దుమ్ములోనే ఎదురొమ్ము పట్టుకొని కూలబడ్డాడు.

ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట నర్సులు అన్నం తినడానికి పోయేవాళ్లు. అట్లాంటి వేళ ఒకనాడు తిప్పయ్య కళ్లు సగం తెరిచి గొణిగాడు. రక్తంలో మలినం ఎక్కువైతే మనిషికి అట్లా మాట తడబడుతుందని డాక్టరమ్మ చెప్పే ఉంది. బయమ్మ చెవి దగ్గర పెట్టింది.

"మారెక్కా," అన్నాడు. "యాడ పోతాండావు, నిలబడు. అడుగు తియ్యి. దప్పికైతాండాది, తాగుతా."

పక్కన కూర్చొని కాళ్లొత్తేది ఎవరు? పెదాలు తడిపేది ఎవరు? ఉచ్చసంచి వైపు దేవుణ్ణి చూసినట్టు చూసేది ఎవరు? బయమ్మ మంచం కింది గుడ్డసంచిలో చేయి పెట్టి, తన కోసం తెచ్చుకున్న నీళ్ల సీసా తీసింది. మొగుడి తల కింద చెయ్యి పెట్టి లేపింది.

"ఇదో, తాగు. ఎవరి చేతి నీళ్లో కండ్లు తెరిచి చూసి తాగు."

తిప్పయ్య కళ్లు తెరవలేదు గాని, దూడలా తాగాడు. సీసా ఖాళీ అయింది. మర్నాడు కూడా అంతే.

ఇది ఒట్టి కుళ్లుతోనే చేసిందంటే అన్యాయం. ఆమెకు ఒక లెక్క కూడా ఉంది. పాతబావుల మీద మోటారు నీళ్లు లాగకపోతే ఏం చేస్తారు? పైపులోకి రెండు బిందెల నీళ్లు పోసి అప్పుడు స్విచ్చి వేస్తారు. పోసిన నీళ్లు లోపలి నీళ్లను పట్టుకొని వస్తాయి. బయమ్మ తన చిన్నప్పటి నుంచి చూసింది, ఒక్కసారి కూడా తప్పలేదు. డాక్టరమ్మకు పుస్తకాలు తెలుసు గాని మోటార్లు ఏం తెలుసు? అందుకని నీళ్లు పోసి, సంచి వైపు చూస్తూ కూర్చుంది. సంచి నిండలేదు.

ఆ తర్వాతి పొద్దు తిప్పయ్యకు ఆయాసం వచ్చింది. గాలి కోసం నోరు తెరిచి, గొంతులో గురగుర శబ్దంతో, కళ్లు పైకి తేలేశాడు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, తలెత్తింది.

"ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయి. ఎవరిచ్చారు ఈయనకు నీళ్లు?"

ఎలిజబెత్‌కు తెలుసు. ఆమె చూసింది. కానీ తల వంచుకొని బైబిలు తెరిచింది, నోరు తెరవలేదు.

"నేనే," అన్నది బయమ్మ.

డాక్టరమ్మ కోపంగా ఏదో అనబోయి, బయమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు నీళ్లు తక్కువై కాదమ్మా. ఒళ్లంతా నీళ్లే. బయటికి రావడం లేదు, అంతే."

మెడలో గొట్టం వేసి, మిషను పెట్టి నీళ్లు లాగారు. సాయంత్రానికి ఊపిరి సర్దుకుంది. మొగుడు బతికాడని ఒక ఏడుపు, తన చేతి నీళ్లే చంపబోయాయని ఒక ఏడుపు, రెండూ కలిసి బయమ్మ కొంగు తడిసిపోయింది.

మొగుడు నిద్రపోతుంటే ఆమె అలవాటుగా పిక్క నొక్కింది. గుంట పడింది. చూస్తూ కూర్చుంది. అది మెత్తటి మట్టిలో మడమ దిగినట్టు ఉంది. కింద నీళ్లున్నాయి, డాక్టరమ్మే చెప్పింది. పైకి రావడం లేదు. ఉన్న నీళ్లను పైకి రప్పించే కాలు లోకంలో ఒక్కటే ఉంది.

ఆ మాట తోచినందుకు తనను తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆసుపత్రిది సిమెంటు నేల, తొక్కితే ఈయన చేనే తొక్కాలి. ఆమె వచ్చి తొక్కితే ఈయన లేస్తాడే అనుకో. అప్పుడు బతికించింది ఎవరు? మారెక్క. ఇంక బతికినంత కాలం ఈయన మారెక్క ఇచ్చిన మొగుడు. ఊరంతా ఆ మాటే అంటారు. అట్లా కాకుండా ఈ మంచం మీదే పోతే, కనీసం తన మొగుడుగా పోతాడు. బయమ్మ నిజంగానే ఇట్లా అనుకుంది. అనుకొని, ఒక పూటంతా ఆ ఆలోచన పక్కన కూర్చుంది. మనసులో అట్లాంటివి రానివాళ్లు ఆమె మీద రాయి వెయ్యొచ్చు.

మర్నాడు విజయభాస్కర్‌ను ఇంటికి పంపించారు. ఆయన మంచం దిగి, మెల్లగా నాలుగడుగులు వేసి, "నా కండ్లద్దాలు యాడ పెట్టినావు?" అని పెళ్లాం మీద విసుక్కున్నాడు.

"నీ జేబులోనే ఉండాయి, సరిగా సూసుకో," అన్నది ఎలిజబెత్. "గుండె కొత్తదేసినారు గాని బుద్ధి పాతదే."

ఆ ఇద్దరూ గొణుక్కుంటూ తలుపు దాటి పోతుంటే బయమ్మ చూసింది. వాళ్ల సంచి నిండినప్పుడు కూడా ఆమెకు ఇంత కుళ్లు పుట్టలేదు. తనకూ తన మీద విసుక్కునే మొగుడు కావాలి. ఎవరి మొగుడని ఊరు అనుకున్నా సరే, లేచి కూర్చొని తన మీద గొణగాలి.

కొడుకు వీరేష్ గుంతకల్లులో రైలు పట్టాల పని చేస్తాడు, సెలవు పెట్టి వచ్చి ఉన్నాడు. వాణ్ణి మంచం దగ్గర కూర్చోబెట్టింది.

"యాడికి పోతాండావు మా?" అన్నాడు వాడు.

"చేనికాడికి."

"ఇప్పుడేంటికి?"

"పనుండాది. నీళ్లు మాత్రం ఇయ్యాకు నాయనకు, అడిగినా ఇయ్యాకు," అని చెప్పి బస్సెక్కింది.

మారెక్క తన ఇంట్లో బండల మీద కాళ్లు చాపుకొని విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది. తల ముగ్గుబుట్టయింది, మడమలు బీటలు వారాయి. బయమ్మ లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది. ఇన్నేళ్లలో ఈ ఇంటి వైపు రావడం ఇదే మొదలు.

"రా బయమ్మా, కూర్చో," అన్నది మారెక్క. "బావకు ఎట్లుండాది?"

బావ అన్న మాట చెవిలో ముల్లులా దిగింది. బయమ్మ ఓర్చుకుంది. "ఒంట్లో నీళ్లుండాయంట. పైకి రాలేదంట."

మారెక్క ఒలిచే చెయ్యి ఆపింది. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మీ చేనికి కంప ఉండాది గదా," అన్నది.

"తీస్తా." బయమ్మ మళ్లీ నోరు తెరిచింది. "ఒక మాట అడగల్ల. ఆయన్ను చేసుకోవాలని నీకు ఉన్నెనా?"

మారెక్క ఒక నిమిషం అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఒడిలో విత్తనాలు బండల మీద చెల్లాచెదురయ్యేదాకా నవ్వింది.

"మీ ఆయన్నా? మే, గొర్రెలు కాసేటప్పుడు నా అడుగులో నీళ్లన్నీ తాగేసి, ఉప్పగుండాయని వంక పెట్టేటోడు. దినామూ ఇదే పాట. అట్లాంటోణ్ణి ఎవరు చేసుకుంటారు? మీ అత్త చెప్పులేసుకోమన్నెప్పుడు నేను లోపల్లోపల దేవునికి దండం పెట్టుకున్నె."

ఈ మాటతో బయమ్మ గుండెలో బరువు దిగాలి. న్యాయంగా అయితే అంతే. దిగలేదు సరికదా, కొత్త మంట పుట్టింది.

"ఆయనకేం తక్కువ?" అన్నది కోపంగా.

"ఏం తక్కువ లేదులే. నీకు సరిపోయినాడు గదా." మారెక్క విత్తనాలు చేటలోకి ఎత్తి, మోకాళ్లు పట్టుకొని లేచింది. "పద, పొద్దు ఉన్నెట్లే పోదాం. పెరట్లో పంగలకట్టె ఉండాది, కంప లాగేదానికి తీసుకో."

బయమ్మ పంగలకట్టె కోసం ఆగలేదు. అప్పటికే వీధిలో ఉంది.

ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి వేసిన కంప అది. కింది పొరలు పుల్లలై, పైపొరలు ముళ్లై, ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఉన్నాయి. ఒక కొమ్మ లాగితే పది కొమ్మలు కదిలేవి. బయమ్మ వట్టి చేతులతోనే లాగింది. మారెక్క చెప్పులు విడిచి గట్టు మీద కూర్చొని ఆకు నములుతూ చూస్తోంది.

"నేను చెయ్యి పెడితే బాగుండదు మే," అన్నది. "అది నీ కంప."

మనిషి పట్టేంత సందు అయ్యేసరికి బయమ్మ అరచేతులు నెత్తురయ్యాయి. మారెక్క లేచి చీర కుచ్చిళ్లు పైకి దోపి, సందులోంచి చేనులోకి దిగింది. ఒక అడుగు వేసింది. పాదం ఎత్తింది. ఎర్రమట్టిలో ముద్ర పడింది, పొడిగా. ఇంకో అడుగు. పొడి. మూడోది కూడా పొడిగానే ఉంది. మారెక్క తన పాదం తానే తిప్పి చూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఇట్లా కాలేదు.

బయమ్మ అంతా అయిపోయిందనుకుంది. ఆసుపత్రిలో సంచి, ఆ నాలుగు చుక్కలు, అంతే.

"నన్ను పిలవలేదు నువ్వు," అన్నది మారెక్క మెల్లగా.

నిజమే. ఇంటికి పోయింది, కంప తీసింది, మొగుడి గురించి పోట్లాడింది, పిలవడం మాత్రం పిలవలేదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఇంకా ఆ గొంతులోనే ఉంది. దాన్ని ముందు మొగుడు అనేశాడని, ఇంక అనకూడదని అన్నేళ్లు పంతం పట్టింది. బయమ్మ గట్టెక్కి నిలబడింది. నెత్తురు చేతులతోనే కొంగు తల మీదికి కప్పుకుంది.

"రా అక్కా," అన్నది. సగమే వచ్చింది. మళ్లీ అన్నది. "రా అక్కా, మా చేను తొక్కిపో."

మారెక్క అడుగు వేసింది. పాదం ఎత్తగానే ముద్రలో మట్టి నల్లబడింది, తర్వాత మెరిసింది, తర్వాత నీళ్లు నిలిచాయి. ఆమె వెనక్కి చూడకుండా నడిచింది, వయసైన మనిషి, కొంచెం కుంటుతూ, తూర్పు గట్టు నుంచి పడమటి గట్టు దాకా. వెనకాల ఒకటొకటిగా నీళ్లు ఊరుతూ పోయాయి. ఎక్కడి నుంచి వచ్చాయో గువ్వలు దిగాయి. ఆ కుంటి నడకలో కూడా ఏదో అందం ఉందని బయమ్మకు కనిపించింది, కనిపించినందుకు ఒళ్లు మండింది.

పడమటి గట్టు దగ్గర మారెక్క తిరిగేసరికి బయమ్మ రవికలో ఫోను మోగింది. వీరేష్.

"మా, నాయన సంచిలో పడతాండాది. తేటగా ఉండాది. నర్సమ్మ గూడా సూసింది, డాక్టరమ్మకు ఫోను చేస్తాండాది."

"ఎంత పడింది?"

"నాలుగు వేళ్లంత. ఇంకా పడతానే ఉండాది."

"పక్క మంచమోళ్లకెంత?" అన్నది బయమ్మ అలవాటు కొద్దీ.

"పక్క మంచం ఖాళీ గద మా," అన్నాడు వాడు.

ఆమె ఫోను పట్టుకొనే మట్టిలో కూర్చుండిపోయింది. సంతోషం అంతగా వస్తే ఏడుపే వస్తుంది. ఏడ్చి ఏడ్చి, చేతులు మండుతుంటే, పక్కనున్న అడుగులో కడుక్కుంది. నెత్తురు కలిసి నీళ్లు ఎర్రబడ్డాయి. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకొని, పక్క అడుగులో దోసెడు తీసుకొని తాగింది. ఉప్పగా లేవు. కొబ్బరి నీళ్లలా తియ్యగా ఉన్నాయి. ఉప్పగా ఉన్నాయని వంక పెడుతూ దినామూ తాగిన మొగుడి మీద, ఆ క్షణంలో, బయమ్మకు మళ్లీ కడుపు మండింది.

మొద్దుబారిన కిడ్నీలు ఒక్కోసారి ఇట్లాగే ఉన్నట్టుండి లేస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఆమె అన్నదీ అబద్ధం కాదు. సంచి రోజుకు చాలాసార్లు పారబోయాల్సి వచ్చింది. మెడలో పెట్టిన గొట్టం తీసేశారు. మిషను ఇంక అక్కర్లేదన్నారు. నడుం నొప్పి మాత్రలు జన్మలో ముట్టకూడదని, ఆరు నెలలు రక్తం పరీక్ష చేయించాలని, ఉప్పు తగ్గించాలని చెప్పి పంపించారు.

ఇంటికి వచ్చిన నాలుగో నాటికి తిప్పయ్య కర్ర పట్టుకొని చేను దాకా పోయి వచ్చాడు. వరండాలో కూర్చొని ఆయాసం తీర్చుకున్నాడు.

"కంప యాడికి పోయింది?" అన్నాడు.

"పొయిలోకి," అన్నది బయమ్మ. "నీ సంగటి దాని మీదే వండినా."

"సంగట్లో ఉప్పు లేదు," అన్నాడు తిప్పయ్య విసుగ్గా. బయమ్మకు ఆ విసుగు వినసొంపుగా ఉంది.

మధ్యాహ్నం మారెక్క చూడటానికి వచ్చింది. మట్టి మిద్దెల్లోకి పోయేటప్పుడు ఆమె ఎప్పుడూ చెప్పులు విడవదు, ఊళ్లో అందరికీ తెలిసిందే. ఇక్కడా అట్లాగే చెప్పులతో గడప దగ్గరికి వచ్చి ఆగింది. తిప్పయ్య తల్లి ఏనాడో పోయింది గాని, ఆమె అన్న మాట ఆ గడప మీదే ఉంది.

బయమ్మ లోపల అన్నం వారుస్తూ చూసింది. గోడల వైపు చూసింది, మొన్న అలికిన నేల వైపు చూసింది.

"చెప్పులు ఆడే ఇడిసి రా అక్కా," అన్నది.

మారెక్క ఆమె మొహంలోకి ఒకసారి చూసి, చెప్పులు విడిచింది. గడప నుంచి తిప్పయ్య మంచం దాకా తడి అడుగులు పడ్డాయి. మంచం దగ్గర కూర్చొని, "ఎట్లుండావు బావా?" అని అడిగింది. పెరట్లో కోడి ఒకటి లోపలికి వచ్చి మొదటి అడుగులో ముక్కు పెట్టింది. బయమ్మకు ఆ మధ్యాహ్నమంతా కడుపులో రగులుతూనే ఉంది. అయినా ఆ తడి దానంతటది ఆరేదాకా గుడ్డ పట్టలేదు.